కామెర్లతో బయటపడే పిత్తాశయ క్యాన్సర్: ఆపరేషన్‌కు ముందు వరస తప్పకూడదు

నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో కామెర్లనగానే పసరు మందుకో, చేతి మీద వాతకో వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కళ్ల పచ్చదనంతో పాటు ఒళ్లంతా దురద, సున్నంలా తెల్లబారిన మలం, ముదురు రంగు మూత్రం కూడా ఉంటే కాలేయం నుంచి పిత్తాన్ని (పైత్యరసాన్ని) పేగుకు చేర్చే పిత్తనాళం మూసుకుపోయిందని అనుమానించాలి. పిత్తాశయం (గాల్‌బ్లాడర్) మెడ దగ్గర పుట్టిన క్యాన్సర్ పక్కనున్న నాళంలోకి పాకితే ఇలాగే బయటపడుతుంది.

ముందు మూసుకుపోయిన నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం, అంటే స్టెంటు, వేయించుకుని, తర్వాత స్కానింగ్‌కు చెన్నై బయల్దేరితే పని తలకిందులవుతుంది. స్టెంటు పడ్డాక నాళం గోడ వాస్తుంది, గడ్డ ఎంతవరకు పాకిందో తేలదు. అందుకే మూడు దశల సీటీ (రక్తనాళాలు తేలేలా మందు ఎక్కించి తీసే స్కాన్), ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలను చూపే ఎంఆర్ఐ) ముందే తీయించాలి. పిత్తనాళం వెనకగా పోయే కుడి కాలేయ ధమనిని గడ్డ చుట్టేసిందా అన్నది సీటీలోనే చూడాలి. చుట్టేస్తే కాలేయం కుడి భాగమంతా తీయాల్సి రావచ్చు. క్యాన్సర్ సూచకంగా చూసే సీఏ 19-9 రక్తపరీక్షలో ఎక్కువ వచ్చిందని కంగారు పడొద్దు, కామెర్ల వల్ల కూడా అది పెరుగుతుంది.

చలిజ్వరం వచ్చిందంటే నాళంలో ఇన్‌ఫెక్షన్ సోకిందని అనుమానించాలి. అప్పుడు మాత్రం ఆగకూడదు, యాంటీబయాటిక్స్ ఇస్తూ వెంటనే పిత్తాన్ని బయటికి తీయాలి. కాలేయంలో పెద్ద భాగం తీయాలన్నా ముందుగా రక్తంలో కామెర్ల కొలత అయిన బిలిరుబిన్‌ను డెసిలీటరుకు 2-3 మిల్లీగ్రాములకు దించుతారు. పిత్తం పేగులోకి చేరకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టదు, కాబట్టి ఆ ఇంజెక్షన్ తప్పనిసరి. కామెర్లు సోకిన కాలేయంలో కనీసం 40 శాతం మిగలాలి. అంత మిగలదనుకుంటే తీసేయబోయే వైపు పోర్టల్ సిరను (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిర) మూసి, రెండో వైపు పెరగడానికి 3-4 వారాలు ఆగుతారు.

ఆపరేషన్ రోజున మొదట చిన్న రంధ్రం గుండా లాప్రోస్కోప్ అనే కెమెరాతో కడుపంతా వెతుకుతారు. కడుపు లోపలి పొర మీద క్యాన్సర్ గింజలు కనిపించినా, బృహద్ధమని పక్క లింఫు గ్రంథిలో క్యాన్సర్ తేలినా అక్కడితో ఆపేస్తారు. ఆ స్థితిలో కోసినా ఆయుష్షు పెరగదు. ఏమీ లేకపోతే పిత్తాశయం, దాన్ని అంటిన 4బి, 5 కాలేయ ఖండాలు, కనీసం ఆరు లింఫు గ్రంథులు, పిత్తనాళం తీసి, మిగిలిన నాళపు మొదలుకు చిన్నపేగును కుడతారు. ఆ కుట్టు దగ్గర పిత్తం కారడం, కాలేయం చాలక మళ్లీ కామెర్లు పెరగడం, ఈ రెండే ఎక్కువ ప్రమాదం. కోలుకున్నాక 6 నెలలు కేపసిటబిన్ అనే కీమో మాత్రలుంటాయి.

కామెర్లతో వచ్చినవారిలో చాలామందికి ఆపరేషన్ కుదరదు. వారికి లోహపు స్టెంటు, బయాప్సీ, ఆపై జెమ్‌సిటబిన్-సిస్‌ప్లాటిన్ కీమో. ఏ ఊరు వెళ్లినా స్టెంటుకు ముందు తీసిన సీటీ సీడీని వెంట తీసుకెళ్లండి, రిపోర్టు కాగితం చాలదు.