నేపాలీ పెళ్లిళ్లు: నన్ను అందరూ అడిగే ప్రశ్నలు

ఖాట్మండులో పెళ్లి ఫొటోలు తీయడం నా పని. మనవాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా దాదాపు ఇవే అడుగుతారు.

అపోహ: ఖాట్మండు లోయలోని నేవార్లు ఆడపిల్లకి మారేడు కాయతో బాల్యవివాహం చేసేస్తారు.

వాస్తవం: ‘ఇహి’ అనే ఈ వేడుకని పిల్ల పెద్దమనిషి కాకముందే చేస్తారు. అయితే వరుడు కాయ కాదు, సువర్ణ కుమారుడు, అంటే విష్ణువు. మారేడు కాయ సాక్షి. ఖాట్మండు పక్కనున్న పాటన్‌లో ఒకసారి ఇరవైమంది పిల్లలు వరసగా కూర్చున్నారు. ఒక పాప ఒళ్లో కాయ పెట్టుకుని కునుకు తీస్తోంది. కాయ పగిలితే అరిష్టమని నమ్మకం కదా, ఎక్కడ జారుతుందోనని వాళ్లమ్మ వెనకనుంచి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పెద్దయ్యాక మనిషితో పెళ్లి మామూలుగానే జరుగుతుంది. దేవుడితో పెళ్లయింది కాబట్టి భర్త పోయినా ఆమె విధవ కాదంటారు. వినడానికి బాగుంటుంది. కానీ భర్త పోయిన ఇంట్లోకి వెళ్లి చూస్తే ఏడుపు ఏడుపే.

అపోహ: మేనరికం మన దక్షిణాదిలోనే ఉంది.

వాస్తవం: నేపాల్ కొండజాతులైన తమాంగ్‌లు, గురుంగ్‌లలో మేనమామ కూతుర్ని చేసుకోవడం పాత ఆనవాయితీ. ఒక తమాంగ్ పెళ్లిలో ‘మా ఊళ్లోనూ ఇంతే తాతా’ అన్నాను. పెళ్లికొడుకు తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రక్సీ (ఇంట్లో కాచిన సారా) పోశాడు. అదే మాట బాహున్‌ల (కొండప్రాంతపు బ్రాహ్మణుల) ఇంట్లో అంటే మొహం చిట్లిస్తారు. వాళ్లకి మేనమామ కూతురంటే చెల్లెలే.

అపోహ: అక్కడ అమ్మాయికి పదహారు నిండితే పెళ్లి చేసేయొచ్చు.

వాస్తవం: 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చిన సివిల్ కోడ్ ఇద్దరికీ 20 ఏళ్లు పెట్టింది. ఇండియాలో అమ్మాయికి 18 చాలు. చట్టం ఉన్నా చిన్నవయసు పెళ్లిళ్లు ఆగలేదు. పెద్దలు చేసేవి కొన్ని, పిల్లలే లేచిపోయి చేసుకునేవి కొన్ని.

అపోహ: వాళ్లకీ తాళి ఉంటుంది, పేరే వేరు.

వాస్తవం: వాళ్లది ‘పోతే’ అనే పూసల దండ, దానికి ‘తిల్హరీ’ అనే బంగారు గొట్టం లాంటి పూస. అసలు ఘట్టం మాత్రం పాపిట్లో సిందూరం పెట్టడం.

అపోహ: పెళ్లికొడుకు తల్లి మండపంలో దగ్గరుండి అన్నీ జరిపిస్తుంది.

వాస్తవం: కొండప్రాంతాల బాహున్, ఛెత్రీల (క్షత్రియుల) పాత పద్ధతిలో ఆమె అసలు వెళ్లదు. మగవాళ్లు ‘జన్తీ’గా, అంటే పెళ్లికొడుకు వెంట ఊరేగింపుగా, తరలిపోయాక, ఇంట్లో మిగిలిన ఆడవాళ్లు ‘రత్యౌలీ’ ఆడతారు. మీసాలు గీసుకుని, మగవేషాలు కట్టి, తెల్లవార్లూ పచ్చిబూతు పాటలు. ఇన్నేళ్లలో అందులో ఒక్క ఫొటో తీయలేకపోయాను, మగవాళ్లని లోపలికి రానివ్వరు. నా దగ్గరున్నదల్లా గుమ్మం బయట చెప్పుల కుప్ప ఫొటో ఒకటి.