బియ్యంలో పలుగురాయి

చిరంజీవులు అమ్ములుకు, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీరు నల్లకుంట వచ్చినప్పుడు, నాకు పొట్టలో కెమెరా పెట్టి చూశారని నాయనమ్మ చెప్పింది. అది విని అమ్ములు, "తాతయ్యా, లోపల అంతా ఎర్రగానే ఉంటుంది కదా, అందులో చెడ్డది ఏదో డాక్టర్‌కి ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. భోజనాల హడావుడిలో జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రంతా ఆ ప్రశ్న నా మనసులోనే ఉంది. చాలా మంచి ప్రశ్న తల్లీ. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మా చిన్నప్పుడు రేషన్ బియ్యం నిండా రాళ్లే. నల్లరాయి, మట్టిబెడ్డ అయితే నేనే ఏరేసేవాణ్ని. పలుగురాయితోనే కష్టం. అది తెల్లగా, అచ్చం నూకలా ఉంటుంది. మా అమ్మ చాటలో బియ్యం పోసుకుని వాకిట్లో ఎండకు ఎదురుగా కూర్చునేది. బియ్యాన్ని పలచగా పరిచి, చాటను కాస్త ఇటూ కాస్త అటూ వంచేది. ఏదో ఒక వంపులో రాయి తళుక్కుమనేది. అమ్మ వేలు నేరుగా దాని మీదికే వెళ్లేది. నీడలో కూర్చుని గంటసేపు చూసినా దొరకని రాయి, ఎండ సరైన వాలులో పడితే చిటికెలో దొరికేది.

మన పెద్దపేగును ఆ చాట అనుకోండి. పొడవు సుమారు ఐదడుగులు. లోపలి గోడ తడిగా, గులాబీ రంగులో, మడతలు మడతలుగా ఉంటుంది. కొందరికి ఆ గోడ మీద చిన్న బుడిపె లేస్తుంది. దాన్ని పాలిప్ అంటారు. చాలా బుడిపెలు ఏ హానీ చెయ్యవు. కొన్ని మాత్రం పదేళ్లో, ఇంకా ఎక్కువో పట్టి, మెల్లమెల్లగా క్యాన్సర్‌గా మారతాయి. అంటే ఇది మంచి గింజగా మొదలై రాయిగా మారే వింత బియ్యం అన్నమాట. మారకముందే ఏరేస్తే చాలు. నాకు చేసిన ఆ కెమెరా పరీక్షను కొలనోస్కోపీ అంటారు. దాని గొట్టం చివర దీపం, కెమెరా ఉంటాయి. బుడిపె కనబడితే సన్నని తీగతో ఉచ్చు వేసి అక్కడికక్కడే తీసేస్తారు. నాకూ ఒకటి అలాగే తీశారు, నొప్పే తెలియలేదు. ముందు రోజు పేగు శుభ్రం కావడానికి తాగిన ఉప్పటి మందునీళ్లే కష్టమనిపించాయి.

అయితే కొన్ని బుడిపెలు పైకి లేవవు. గోడకు అతుక్కుని, గోడ రంగులోనే పలచగా పరుచుకుంటాయి. ఇవీ పలుగురాళ్లు! తెల్లని దీపం వెలుగులో ఎంత అనుభవం ఉన్న కన్నునైనా దాటిపోగలవు. అలాంటప్పుడు మా అమ్మ చేసిన పనే చెయ్యాలి. వెలుగును మార్చాలి.

కొన్ని పదార్థాలకు ఒక గుణం ఉంది. నీలి కాంతి గానీ, కంటికి కనబడని అతినీలలోహిత కాంతి గానీ వేస్తే, దాన్ని మింగి వేరే రంగులో బయటికి వదులుతాయి. దీపం తీసేస్తే ఆ మెరుపూ ఆగిపోతుంది. దీన్ని ప్రతిదీప్తి అంటారు. బట్టల షాపులో 500 నోటును ఊదారంగు దీపం కింద పెడితే నంబర్లు వెలగడం చూశారు కదా, అదే ఇది. మిణుగురు సంగతి వేరు. దాని వెలుగును అదే తయారు చేసుకుంటుంది.

1852లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త ఈ గుణాన్ని వివరించి, ఇంగ్లీషులో దానికి ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టాడు. క్వినైన్ కలిపిన నీళ్లు వెలుతురులో నీలంగా మెరవడం ఆయన గమనించిన వాటిలో ఒకటి. క్వినైన్ అంటే నాకు మా ఊరి చలిజ్వరాలు గుర్తొస్తాయి. అమ్మ నా ముక్కు మూసి ఆ మందు గొంతులో పోసేది. రెండు రోజులపాటు బెల్లం తిన్నా చేదుగానే ఉండేది. ఆ సీసాను ఎండలో పెట్టి చూడమని ఎవరైనా చెప్పి ఉంటే, చేదు మరిచిపోయి చూస్తూ కూర్చునేవాణ్నేమో! ఆ చలిజ్వరం అంటే మలేరియా. దాని గుట్టు బయటపడింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఒక దోమను కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, దాని పొట్ట గోడ మీద నల్లని రేణువులున్న చిన్న కణాలు కనబడ్డాయి. అవే మలేరియా క్రిములు. ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఆలోచించు అమ్ములూ, ఆయన వెతికిందీ నువ్వు అడిగినదే. పొట్ట గోడ మీద తేడాగా ఉన్న ఒక్క చుక్క.

పేగు గోడకూ కొద్దిగా ప్రతిదీప్తి ఉంది. నీలి కాంతి వేస్తే, పైపొర కింద ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ సన్నగా ఆకుపచ్చగా మెరుస్తుంది. బుడిపె ఉన్నచోట పైపొర మందంగా ఉంటుంది కాబట్టి ఆ మెరుపు సరిగ్గా బయటికి రాదు. కెమెరా తెర మీద అక్కడ ఊదారంగు మచ్చలా కనబడుతుంది. మా అమ్మ చాటకు ఇది తిరగేసిన లెక్క. గింజలన్నీ మెరుస్తాయి, రాయి మసగ్గా ఉండిపోతుంది. చెడ్డ కణాలనే వెతికి పట్టుకుని వెలిగే రంగుమందుల మీదా పరిశోధనలు జరుగుతున్నాయి. అప్పుడు రాయే మెరుస్తుంది. ఇవేవీ మామూలు పరీక్షను ఇంకా పక్కకు నెట్టలేదు. ఒక్కోసారి మంచి గోడ కూడా మచ్చలా కనబడి డాక్టర్‌ను తికమక పెడుతుంది. ఓపిగ్గా చూసే కన్ను కావాల్సిందే.

మీరు చూడని మా అన్నయ్య గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకు విరేచనంలో రక్తం పడేది. సిగ్గుపడి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చివరికి ఒక డాక్టర్ దగ్గరికి వెళితే, ఆయన చూడకుండానే మొలలు అన్నాడు. ఏడాది అలా గడిచిపోయింది. స్కాన్ తీసేసరికి పెద్దపేగు క్యాన్సర్ కాలేయం దాకా వెళ్లింది. ఇంట్లో ఒకరికి వస్తే తోబుట్టువులు ముందే చూపించుకోవాలి. నేను పరీక్షకు వెళ్లింది అందుకే. ఆ గదిలో పడుకున్నప్పుడు అన్నయ్యే గుర్తొచ్చాడు. మీకు ఒంట్లో ఏ తేడా వచ్చినా, అది ఎంత సిగ్గుపడే చోటైనా, అమ్మకో నాన్నకో చెప్పండి.

ఇక మీకో పని. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లినప్పుడు నోట్లు చూసే ఊదారంగు టార్చి ఒకటి కొనిపెట్టమని నాన్నను అడగండి. నాలుగు పాలకూర ఆకులు నలిపి, గాజు గ్లాసులో స్పిరిట్ పోసి కాసేపు నాననివ్వండి. పొయ్యికి దూరంగా, అమ్మ పక్కన ఉన్నప్పుడే సుమా. నీళ్లు ముదురాకుపచ్చగా మారాక వడకట్టి, గదిలో దీపం ఆపి, టార్చి వెయ్యండి. కళ్లలోకి మాత్రం వెయ్యొద్దు. ఏ రంగు వస్తుందో నేను చెప్పను. ఆకుపచ్చ మాత్రం కాదు. చూసిన వెంటనే, ఎంత రాత్రయినా సరే, నాకు ఫోన్ చెయ్యండి.

మీ తాతయ్య