మనం తోలని బండికి మన పేరు

టెక్కలి

పిల్లలూ,

మొన్న ఆదివారం పెద్దోడు లండన్ నుంచి ఫోన్ చేశాడు. "తాతా, నా రూమ్మేటు కారు స్పీడు కెమెరాకి దొరికింది. వాడి లైసెన్సు మీద ఇప్పటికే 9 పెనాల్టీ పాయింట్లున్నాయి. నేను నడిపానని రాసిస్తే 300 పౌండ్లు ఇస్తానంటున్నాడు. నాకు ఒక్క పాయింటూ లేదు కదా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇక్కడున్న మీ ఇద్దరికీ కూడా తెలియాలని ఉత్తరం రాస్తున్నాను.

అక్కడ స్పీడు కేసు రుజువైతే ఫైను కట్టినంత మాత్రాన తీరదు, కనీసం 3 పాయింట్లు లైసెన్సుకెక్కుతాయి. మూడేళ్లలో 12 అయితే మామూలుగా ఆరు నెలలు బండి ముట్టకూడదు. కొత్తవాళ్లకి ఇంకా గట్టి. టెస్టు పాసైన మొదటి రెండేళ్లలో 6 చేరితేనే లైసెన్సు పోతుంది, పరీక్షలు మళ్లీ రాయాలి. పెద్దోడా, నువ్వు పాసై ఏడాది కాలేదు. ఆ మూడూ తీసుకుంటే సగం దారి అయిపోయినట్టే.

నాకు అంతకంటే భయం ఆ కాగితం మీద నువ్వు పెట్టే సంతకం. నడిపిందెవరో 28 రోజుల్లో రాసివ్వమని కారు ఓనరుకి నోటీసు వస్తుంది. అందులో కావాలని వేరే పేరు రాయిస్తే అది న్యాయాన్ని తప్పుదారి పట్టించిన నేరం. గరిష్ఠ శిక్ష యావజ్జీవం. క్రిస్ హ్యూన్ అని అక్కడ మంత్రిగా చేసినాయన ఉన్నాడు. 2003లో ఆయన స్పీడు కేసు పాయింట్లని భార్య విక్కీ ప్రైస్ తన మీద వేసుకుంది. తర్వాత ఇద్దరూ విడిపోయారు, సంగతి 2011లో బయటపడింది. 2013 మార్చిలో ఇద్దరికీ చెరో ఎనిమిది నెలలు జైలు పడింది. అంటే పదేళ్ల తర్వాత.

ఇప్పుడు చెప్పబోయేది మీ నాన్నమ్మకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలీదు.

నేను లారీ తోలే రోజుల్లో ఓ రాత్రి మా ఓనరు ఇంటికొచ్చాడు. లైసెన్సు లేని వాళ్ల గుంటడు కోటబొమ్మాళి దగ్గర జీపుతో సైకిలు మీద పోతున్న ముసలాయన్ని గుద్దేశాడు. "నువ్వు తోలావని ఒప్పుకో, ఫైనుతో పోద్ది" అని ఐదువేలు చేతిలో పెట్టాడు. మీ నాన్న స్కూలు ఫీజు బాకీ ఉంది. ఒప్పుకున్నాను.

జీపు లైట్లు వేశావా, ముసలాయన ఎటు పడ్డాడు అని స్టేషన్లో అడిగారు. చూడనిదానికి ఏం చెప్పను? ఓనరు నేర్పింది అప్పజెప్పాను. కానీ ఆ టైముకి నేను పలాసలో జీడిపిక్కల లోడు తూకం వేయిస్తున్నాను. కాటా చీటీ మీద టైమూ, నా సంతకమూ ఉన్నాయి. నష్టపరిహారం కేసులో ఇన్సూరెన్సు లాయరు ఆ చీటీ బయటపెట్టాడు. "వాడే తోలానన్నాడు, నాకేం తెలీదు" అన్నాడు ఓనరు. నా లైసెన్సు ఎనిమిది నెలలు కోర్టులోనే ఉండిపోయింది. ఐదువేలూ వాయిదాల ఖర్చులకే సరిపోలేదు.

ఓ వాయిదా రోజు ఆ ముసలాయన కర్ర పట్టుకుని నా దగ్గరకొచ్చాడు. "బాబూ, నువ్వు కాదని నాకు తెలుసు. ఎందుకు చెప్పావు?" అని అడిగాడు. కోపంగా కూడా అడగలేదు. పరిహారం కోసం ఆయన తిరిగిన ప్రతి వాయిదాలో నా అబద్ధం వాటా ఉంది.

అప్పుడు ఒక్క చీటీ పట్టించింది. ఇప్పుడు మడపాం టోల్‌గేటులో ఫాస్టాగ్, రోడ్డంతా కెమెరాలు, జేబులో ఫోను.

చిన్నోడా, నీకు పదహారు. టెక్కలి బజారుకి నాన్న బండి అడుగుతున్నావట. 2019లో మార్చిన చట్టం ప్రకారం మైనరు నేరం చేస్తే ఇంటి పెద్దకీ, బండి ఓనరుకీ 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇవన్నీ తలుచుకునే తండ్రులు "నేనే తోలాను" అనేస్తారు. మీ నాన్నని ఆ పరిస్థితిలోకి తేకు, నాయనా. ఎవరు నడిపారని పోలీసులు అడిగితే నిజం చెప్పాల్సిన బాధ్యత మన చట్టంలోనూ ఓనరు మీదే ఉంది.

పెద్దోడా, నీ రూమ్మేటుతో తగువు పడకు. కాగితం మీద అతని పేరే రాసుకోమని నెమ్మదిగా చెప్పు. డబ్బుకి ఇబ్బందిగా ఉంటే నాకు చెప్పు, పంపిస్తాను. వచ్చే ఆదివారం నీ ఫోన్ కోసం కూర్చుంటాను.

మీ తాత