జబ్బు లేనప్పుడు వేసే సూది: అపోహలు - వాస్తవాలు

మన జనానికి సూదంటే భయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. జ్వరమొస్తే సూది పడాల్సిందే. నీరసంగా ఉంటే సెలైన్ ఎక్కించాల్సిందే. మాత్రలు రాసి పంపితే ‘ఈ డాక్టరుకు చెయ్యి రాదు’ అనుకుని పక్క వీధిలో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకుని మరీ ఇంటికి వెళతారు. అనుమానమంతా ఒంట్లో ఏ జబ్బూ లేనప్పుడు వేసే సూది మీదే. చిన్న పట్టణంలో క్లినిక్ నడిపే నాకు టీకాలు అసలే వద్దని తెగేసి చెప్పేవాళ్లు అరుదుగా ఎదురవుతారు. టీకా వేయిస్తూనే దాని గురించి సగం తప్పుగా నమ్మేవాళ్లు రోజూ కనిపిస్తారు. ఇది వాళ్ల కోసం.

అపోహ: ప్రభుత్వ టీకాకు నొప్పి, జ్వరం వస్తాయి. డబ్బు పెడితే నొప్పి లేని మంచి టీకా దొరుకుతుంది.

ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ గురించి ఈ మాట వస్తుంది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, పసిపిల్లలకు న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే హిబ్ బ్యాక్టీరియా అనే ఐదింటికి అది ఒకే సూది. ప్రభుత్వం ఇచ్చే దాంట్లో కోరింత దగ్గు బ్యాక్టీరియాను చంపి మొత్తంగా వాడతారు. ‘నొప్పి లేని’ టీకాలో ఆ బ్యాక్టీరియాలోని కొన్ని ప్రోటీన్లను మాత్రమే వేరుచేసి పెడతారు. అందుకే రెండోదానితో వాపు, జ్వరం తక్కువ. గుచ్చే సూది మాత్రం రెండింటికీ ఒకటే.

ఆ సుఖానికి ఒక వెల ఉంది. ప్రోటీన్ల టీకా ఇచ్చే రక్షణ త్వరగా సన్నగిల్లుతుంది. అమెరికా 1990లలో పూర్తిగా దానికి మారింది. 2010లో కాలిఫోర్నియాలో కోరింత దగ్గు పెద్ద ఎత్తున చెలరేగినప్పుడు, టీకాలన్నీ వేసుకున్న బడిపిల్లలు కూడా చాలామంది దాని బారిన పడ్డారు. మొదటి టీకాకు తీవ్రమైన ఇబ్బంది వచ్చిన బిడ్డకు ప్రోటీన్ల టీకా నేనే రాస్తాను. ఒకటి రెండు రోజుల జ్వరం తప్పించడానికే అయితే, ఆ డబ్బు ఉచిత జాబితాలో లేని టైఫాయిడ్ టీకాకో, తట్టు, రుబెల్లాతో పాటు గవదబిళ్లల రక్షణ కూడా ఉన్న ఎంఎంఆర్‌కో పెట్టమంటాను.

ఉచితంగా ఇచ్చేది నాసిరకం అనేవాళ్లకు ఇంకో మాట. నీళ్ల విరేచనాలు రాకుండా చుక్కలుగా వేసే రోటావాక్ హైదరాబాద్‌లో తయారైనది. 2016లో ప్రభుత్వం దాన్ని ఉచిత జాబితాలో చేర్చినప్పుడు మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అపోహ: జ్వరం వస్తే టీకా పడలేదు. జ్వరం రాకపోతే టీకా పనిచేయలేదు.

రెండు మాటలూ ఒకే ఇంట్లో వింటాను, ఒకటి అమ్మమ్మ నుంచి, ఒకటి నాయనమ్మ నుంచి. జ్వరం రావచ్చు, రాకపోవచ్చు. రక్షణకు అది కొలత కాదు. క్షయ రాకుండా పుట్టగానే వేసే బీసీజీ టీకా చోట కొన్ని వారాల తర్వాత చిన్న పొక్కు లేచి, పుండై, మచ్చ పడుతుంది. దానికి పసుపు, పౌడరు, ఆయింట్‌మెంటు ఏమీ వద్దు. మచ్చ పడకపోయినా మళ్లీ వేయించాల్సిన పని లేదు. తొడ వాచిన చోట చల్లటి తడిగుడ్డ చాలు. నూనె రాసి మర్దన చేయడం, కాపడం పెట్టడం వద్దు.

జలుబు, కొద్దిపాటి దగ్గు, విరేచనాలు ఉన్నా టీకా వేయించవచ్చు. వాయిదా వేయాల్సింది ఆసుపత్రిలో చేర్చేంత జబ్బు ఉన్నప్పుడే.

ఇక్కడ అసలు ప్రమాదం టీకాతో కాదు, పారాసిటమాల్‌తో. చుక్కల మందులో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125 లేదా 250. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే బిడ్డకు రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ పడుతుంది. ఒక్కో డోసుకు, బరువులో ప్రతి కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఇవ్వాలి. ఏ సీసా, ఎన్ని మిల్లీలీటర్లు అన్నది చీటీ మీద రాయించుకోండి. జ్వరం రాకముందే పోయనక్కర్లేదు.

అపోహ: టీకా ఎంత చల్లగా ఉంటే అంత మంచిది.

మందుల షాపులో కొని, ప్లాస్టిక్ కవర్లో ఐసుముక్కల మధ్య పెట్టి ఎంతో జాగ్రత్తగా తెచ్చే నాన్నలను చూస్తుంటాను. ఆ జాగ్రత్తే టీకాను పాడుచేయవచ్చు. ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. పోలియో చుక్కలు గడ్డకట్టినా ఏమీ కాదు. పెంటావాలెంట్, హెపటైటిస్-బి, టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసేది), న్యుమోకోకల్ టీకాలు మాత్రం ఒక్కసారి గడ్డకడితే మళ్లీ కరిగినా పనికిరావు. వాటిలో ఉండే అల్యూమినియం లవణం ముద్దలు కట్టి విడిపోతుంది. అందుకే ఊళ్లో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త, ఏఎన్‌ఎం, తన పెట్టెలో పెట్టే ఐసుప్యాక్‌లను ఫ్రీజర్‌లోంచి తీయగానే పెట్టదు. పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే పెడుతుంది.

ప్రభుత్వ సరఫరా సీసా మీద గుండ్రటి గుర్తు, దాని లోపల చిన్న చదరపు గడి ఉంటాయి. గడి చుట్టూ ఉన్న వలయం కంటే లేతగా ఉంటే వాడవచ్చు. వలయంతో సమానంగా ముదిరినా, మించిపోయినా పారేయాలి. చూపించమని అడగండి, ఎవరూ కోప్పడరు. కోప్పడితే అప్పుడు అనుమానించాలి. ఆ గుర్తు వేడిని మాత్రమే పట్టిస్తుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. కనుక ఇళ్లలో వాడే ఫ్రిజ్ తలుపు అరలోనో, ఫ్రీజర్‌కు ఆనించో టీకాలు పెట్టే చోట వేయించకండి, అది క్లినిక్ అయినా సరే.

బీసీజీ, తట్టు-రుబెల్లా టీకాలు పొడి రూపంలో వస్తాయి. ద్రవంతో కలిపాక నాలుగు గంటలు దాటితే పారేయాల్సిందే. మరుసటి రోజుకు దాస్తే అందులో క్రిములు పెరిగి ప్రాణాల మీదికి వస్తుంది. ‘ఇవాళ కాదు, టీకాల రోజు రండి’ అని వెనక్కి పంపడానికి చాలాసార్లు కారణం ఇదే.

అపోహ: ఒక డోసు తప్పితే మొదటి నుంచి వేయాలి.

అక్కర్లేదు. ఆగిన చోటు నుంచి కొనసాగిస్తే చాలు. కాన్పుకు పుట్టింటికి వెళ్లినప్పుడో, పని కోసం వలస వెళ్లినప్పుడో తప్పినవాటికి సిగ్గుపడి రావడం మానేయకండి. కార్డు పోతే ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో వెతకవచ్చు. అక్కడా దొరకకపోతే వేయనట్టే లెక్కగట్టి వయసుకు తగినవి వేస్తారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కూడా పుట్టిన తేదీ నుంచే లెక్క.

నిజంగా అందరూ మరిచిపోయేవి ఐదారేళ్లకు కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే డీపీటీ, పది, పదహారేళ్లకు వేసే టీడీ. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఇన్నేళ్లుగా కంఠసర్పి కేసులు వస్తూనే ఉన్నాయంటే ఈ బూస్టర్లు ఎగ్గొట్టడం ఒక పెద్ద కారణం.

అపోహ: ఇనుము గీసుకుంటే ఆ రోజే టీటీ వేయించాలి.

ధనుర్వాతం తుప్పులో పుట్టదు. ఆ క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. కాలికి గుచ్చుకున్న ముల్లు, తుప్పు పట్టిన మేకు కంటే తక్కువదేమీ కాదు. చిన్నప్పటి డోసులన్నీ పూర్తయి ఉంటే చివరి డోసు తర్వాత శుభ్రమైన చిన్న గాయానికి పదేళ్లలోపు, మురికి గాయానికి ఐదేళ్లలోపు మళ్లీ సూది అవసరం లేదు. ఏడాదికి మూడుసార్లు వేయించుకునే మేస్త్రీలున్నారు. దానివల్ల దక్కేది జబ్బ వాపు. అసలు ఎప్పుడూ వేయించుకోని మనిషికి లోతైన మురికి గాయమైతే మాత్రం ఆ ఒక్క సూది చాలదు. యాంటీబాడీల ఇంజెక్షన్ కూడా కావాలి. ఇప్పుడు టీటీ స్థానంలో వేసేది టీడీ, అందులో కంఠసర్పికి కూడా రక్షణ ఉంది.

అపోహ: కుక్క కరిస్తే పది రోజులు దాన్ని గమనించి, తర్వాత సూది సంగతి చూద్దాం.

ఇదొక్కటి మాత్రం నవ్వుతూ చెప్పలేను. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని కాపాడే మందు లేదు. సూది మొదలుపెట్టి కుక్కను గమనించాలి. పది రోజులకూ అది ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరు చెబుతారు. ముందు చేయాల్సింది పారే నీటి కింద సబ్బుతో పావుగంట కడగడం. పసరు, కారం, సున్నం, పసుపు ఏవీ పెట్టకూడదు. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం లోపల, చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీల ఇంజెక్షన్ వేయాలి. చాలాచోట్ల ఇదే మరిచిపోతారు, మీరే గుర్తుచేసి అడగండి.

బొడ్డు చుట్టూ 14 సూదులు పాత కథ. ఆ టీకా మన దేశంలో ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో 0, 3, 7, 28 రోజుల్లో రెండు చేతులకూ చర్మంలో కొద్దికొద్దిగా వేస్తారు. గర్భిణులూ వేయించుకోవాలి. పిల్లి కరిచినా, కోతి కరిచినా ఇవే సూదులు. కరిచి నెల దాటినా రండి.

అపోహ: ఆడపిల్లలకు వేసే క్యాన్సర్ టీకా వల్ల పిల్లలు పుట్టరు, ప్రాణానికే ప్రమాదం.

ఈ భయం గాల్లోంచి రాలేదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలు దాదాపు 14 వేల మందికి ఈ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్‌కు వేసే టీకా ఇది. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ప్రాజెక్టు అది. గుజరాత్‌లోని వడోదరలోనూ చేశారు. ఆ తర్వాత కొందరు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. విచారణలో తేలిన మరణ కారణాల్లో పురుగుల మందు, పాముకాటు, నీట మునగడం లాంటివి ఉన్నాయి. టీకాకూ మరణాలకూ సంబంధం కనిపించలేదు. అదే విచారణలో ఇంకో సంగతి బయటపడింది. హాస్టళ్లలో ఉన్న గిరిజన బాలికలకు చాలాచోట్ల తల్లిదండ్రులు కాదు, వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది, సరిగానే తప్పుపట్టింది. టీకా చేయని తప్పు టీకా మీద పడింది. చేసినవాళ్ల తప్పును జనం మరవలేదు, మరవమని నేను అడగను.

టీకా సంగతికొస్తే, అందులో బతికున్న వైరస్ లేదు, పైపొర ప్రోటీన్ మాత్రమే ఉంటుంది. గర్భాశయాన్ని, అండాశయాలను అది తాకదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు దాదాపు అన్నీ ఈ వైరస్ వల్లే వస్తాయి కాబట్టి వైరస్ సోకక ముందే, 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేస్తే ఫలితం ఎక్కువ. ఆ వయసులో ఆరు నెలల తేడాతో రెండు డోసులు వాడుకలో ఉన్నాయి. ఒక డోసు కూడా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. నా క్లినిక్‌లో అమ్మ, అమ్మాయి ఇద్దరూ కూర్చుని, అడగాల్సినవన్నీ అడిగాకే వేస్తాను. వేయించుకున్న అమ్మాయి కూడా ముప్పై దాటాక గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి.

అపోహ: తలనొప్పి, తల తిరగడం లేవు కాబట్టి బీపీ లేదు.

ఇది సూది సంగతి కాదు, అయినా ఏ బాధా లేనప్పుడే చేయించుకోవాల్సిన పని కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. బీపీ ఉన్న చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. ముప్పై దాటిన అందరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు, నోటి క్యాన్సర్ కోసం నోరూ పరీక్షిస్తారు. వేలు పోసి చేయించే ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీల కంటే ఈ పరీక్షలు సమయానికి చేయించుకున్నవాళ్లకే నేను ఎక్కువ సాయపడగలుగుతున్నాను. ఒక్క షరతు: బీపీ చూపించుకునే ముందు అరగంట టీ, సిగరెట్ వద్దు. వచ్చి ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి, మాట్లాడకుండా కూర్చోండి. మెట్లెక్కిన ఆయాసంలో, ఫోనులో మాట్లాడుతూ చెయ్యి చాపితే వచ్చే అంకెను నేను రాసుకోను.