62.5 గ్రాముల గీత: రాకెట్ మోటారు మీద పడ్డ 'పేలుడు పదార్థం' ముద్ర కథ

అమెరికాలో ఎక్కడో ఎండుగడ్డి అంటుకున్నప్పుడో, ఊరి పార్కులో రాకెట్లు ఎగరేయొద్దని బోర్డు పెట్టినప్పుడో పాత ప్రశ్నే మళ్ళీ లేస్తుంది. సరదాకు ఎగరేసే కిట్ రాకెట్లలోని మిడ్ పవర్ (మధ్యస్థాయి శక్తి) మోటారంటే పేలుడు పదార్థం కాదా, దాన్ని పిల్లలున్న చోటికి ఎలా తెస్తారు అని. పిల్లలు అమెరికన్ రాకెట్రీ చాలెంజ్‌లో చేరిన తెలుగు కుటుంబాలకూ ఇది పట్టని సంగతి కాదు. ఆ పోటీలో కోడిగుడ్డును పైకి పంపి పగలకుండా దించాలి. అందుకు వాడేవి ఎఫ్ తరగతి దాకా, అంటే మండినంతసేపూ ఇచ్చే తోపుడు మొత్తం 80 న్యూటన్-సెకన్లు మించని మోటార్లు.

1950ల చివర ఈ హాబీ ఎలా మొదలైందో చాలాసార్లు చెప్పుకున్నదే. నేటి తగువుకు మూలం అక్కడ లేదు, 2000 నుంచి 2009 దాకా నడిచిన ఒక కోర్టు కేసులో ఉంది.

పేలుడు పదార్థాల మీద అజమాయిషీ ఉన్న ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్. అమ్మోనియం పెర్‌క్లోరేట్ కాంపోజిట్ ఇంధనం తన జాబితాలో ఉంది కాబట్టి అది పేలుడు పదార్థమేనని ఆ సంస్థ వాదించింది. మోటారులో 62.5 గ్రాములు దాటితే పర్మిట్ కావాలంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత 2002లో వచ్చిన సేఫ్ ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం దీన్ని ఇంకా బిగించింది. వేలిముద్రలు, నేపథ్య విచారణ వచ్చి చేరాయి. ఆ 62.5 అంకె పేలుడు శాస్త్రం నుంచి వచ్చింది కాదు. వినియోగ వస్తువుల భద్రత చూసే కమిషన్ నిబంధనల్లోనూ ఒక్కో మోటారుకు అదే పరిమితి. ఇంధనం మాత్రం గీతకు ఇవతలా అవతలా ఒకటే.

హాబీ రాకెట్లు ఎగరేసేవాళ్ళ సంఘాలైన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ, ట్రిపోలి కలిసి 2000లో ఏటీఎఫ్ మీద కోర్టుకెళ్ళాయి. వాళ్ళు అడిగింది ఒక్కటే: ఇది కాలుతుందా, పేలుతుందా? వాళ్ళ ప్రశ్నలో ఎంత బలముందో రాకెట్ లేచే ప్యాడ్ దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. కాంపోజిట్ మోటారు లోపల ఇంధనం గట్టి రబ్బరు దిమ్మలా ఉంటుంది, నడుమ పొడవునా రంధ్రం. మోటారును అంటించే ఇగ్నైటర్‌ను, మంట బయటికొచ్చే మూతి అయిన నాజిల్ గుండా దూర్చి, ఆ రంధ్రం పై కొస తగిలేదాకా నెట్టాలి. సగంలో ఆపితే కింది భాగమే అంటుకుని, లోపల ఒత్తిడి పెరగక, మోటారు దగ్గినట్టు బుస్సుబుస్సుమని ఆగిపోతుంది. లేదా ఇగ్నైటర్‌నే బయటికి ఉమ్మేస్తుంది. ఒత్తిడి లేకపోతే సరిగ్గా అంటుకోవడానికే మొరాయించే పదార్థం ఇది. ఒత్తిడి ఉన్నప్పుడు కూడా ఇంధనం సెకనుకు మిల్లీమీటర్ల లెక్కన కాలి తరుగుతుంది. నిజమైన పేలుడు కెరటం సెకనుకు కిలోమీటర్ల వేగంతో పోతుంది.

2006 ఫిబ్రవరిలో వాషింగ్టన్ అప్పీలు కోర్టు సరిగ్గా ఇక్కడే పట్టుకుంది. ఎంత వేగం దాటితే పేలుడు అంటారో ఏటీఎఫ్ కొలమానం చెప్పలేదు, హాబీ మోటార్లలో ఈ ఇంధనం మండే వేగం మీద లెక్కలూ చూపలేదు అంది. మా దృష్టిలో మొత్తం కథకు మలుపు ఇదే. అదే ఏడాది ఆగస్టులో ఏటీఎఫ్ 62.5 గ్రాముల మినహాయింపును నిబంధనగా రాసుకుంది. 2009 మార్చి 16న జిల్లా జడ్జి రెజీ వాల్టన్ ఈ ఇంధనాన్ని జాబితా నుంచే తప్పించారు.

భయపడేవాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ మొదటి దశను లేపేది ఇదే కుటుంబానికి చెందిన దాదాపు 138 టన్నుల ఇంధనం. అక్కడే 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధనం అంటుకుని ఆరుగురు చనిపోయారు. మంట ముందు ఎవరూ అలసత్వం చూపకూడదు. కాకపోతే మైదానంలో కిట్ రాకెట్ వల్ల జరిగే కీడు వేరే చోట్ల నుంచి వస్తుంది.

మొదటిది జిగురు. రాకెట్‌ను నిటారుగా పోనిచ్చే రెక్క అయిన ప్లైవుడ్ ఫిన్‌ను గొట్టం పైపైన అతికిస్తే చాలదు. గొట్టానికి పెట్టిన చీలిక గుండా లోపలికి దించి, మోటారు గొట్టానికి ఎపాక్సీతో పట్టించి, రెండు వైపులా మూల వెంబడి ఫిలెట్, అంటే జిగురు కట్ట, పొయ్యాలి. దానికి ముందు కార్డ్‌బోర్డ్ నునుపును గరుకు కాగితంతో పోగొట్టకపోతే ఎపాక్సీ ఎండాక పెచ్చులా ఊడుతుంది. ఫిన్ గాల్లో ఊడితే రాకెట్ ఎటు తిరుగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

రెండోది బరువు. మోటారుతో కలిపి 800 గ్రాములున్న రాకెట్‌కు సగటున 40 న్యూటన్ల తోపుడు కావాలి, అంటే బరువుకు ఐదింతలు. జీ40 సరిపోతుంది; జీ అంటే ఎఫ్ తర్వాతి తరగతి, 40 అంటే సగటు తోపుడు. రంగులూ ఎపాక్సీ ఎక్కువై అదే రాకెట్ 1100 గ్రాములకు చేరితే లేచేటప్పుడు దారి చూపే రాడ్‌ను విడిచేసరికి వేగం చాలక గాలికి ఎదురు వంగుతుంది. అందుకే కిట్ పెట్టె మీద రాసిన బరువును నమ్మకుండా, ఎగరేసేముందు మోటారు పెట్టి తూచాలి. గురుత్వ కేంద్రం (బరువు సరిసమానమయ్యే చోటు) పీడన కేంద్రం (గాలి తోపుడు పడే చోటు) కన్నా కనీసం ఒక గొట్టం వెడల్పు ముందుండాలి. మోటారు పెట్టాక గురుత్వ కేంద్రం వెనక్కి జరుగుతుంది.

మూడోది డిలే. జీ40-7లో 7 అంటే మంట ఆగాక ప్యారాచూట్ తెరిచే మందు పేలేదాకా సెకన్లు. అది రాకెట్‌కు ఎక్కువైతే, ముక్కు కిందికి తిరిగి వేగం అందుకున్నాక ప్యారాచూట్ తెరుచుకుంటుంది. తాడు లాగిన లాగుకు కార్డ్‌బోర్డ్ గొట్టం అంచు నుంచి జిప్పులా చీలుతుంది. తెరుచుకోకపోతే రాకెట్ బల్లెంలా దిగబడుతుంది.

గడ్డి మాటకొస్తే, నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమావళిలో అది ఎప్పటినుంచో ఉంది. మంట నేలను తాకకుండా అడ్డుపళ్ళెం ఉండాలి, ప్యాడ్ చుట్టూ ఎండుగడ్డి ఉండకూడదు. మీట నొక్కినా అంటుకోకపోతే 60 సెకన్లు ఎవరూ దగ్గరికి పోకూడదు. గాలి గంటకు 20 మైళ్ళు దాటితే ఎగరేయకూడదు. ఎఫ్, జీ మోటార్లకు మనుషులు 30 అడుగుల దూరంలో ఉండాలి, మైదానం చిన్న వైపు కూడా 1000 అడుగులు ఉండాలి. చాలా ఊరి పార్కులకు అంత నిడివి లేదు. బోర్డు పెట్టడానికి అదొక్కటే చాలు, మోటారును పేలుడు పదార్థం అననక్కర్లేదు.