పెద్ద టైర్ల కోసం లిఫ్ట్ కిట్: అపోహలు – వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి మహీంద్రా థార్, మారుతి జిమ్నీ వేసుకుని వచ్చేవాళ్లలో చాలామంది అడిగే మొదటి మాట ఒకటే. "అన్నా, మూడంగుళాల లిఫ్ట్‌కి ఎంతవుతుంది?" లిఫ్ట్ అంటే పొడవు స్ప్రింగుల లాంటివి వేసి బండిని ఎత్తు చేయడం. ఏ టైరు వేద్దామనుకుంటున్నారు అని అడిగితే, "అది తర్వాత చూద్దాం, ముందు బండి లేపండి" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కంగారు పుడుతుంది. డబ్బులు పోయేది ఇక్కడే, బండి చెడేది ఇక్కడే.

దసరా వెళ్లాక ఖమ్మం నుంచి ఒక కుర్రాడు జిమ్నీ తెచ్చాడు. ఎక్కడో మూడంగుళాల కిట్, 235/75 ఆర్15 టైర్లు (వెడల్పు 235 మి.మీ., పక్క ఎత్తు అందులో 75 శాతం, రిమ్ 15 అంగుళాలు) వేయించుకున్నాడు. అన్నీ కలిపి లక్ష దాటింది. వాళ్లమ్మగారిని ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి వస్తుంటే, సూర్యాపేట దాటాక చిన్న గుంతలో పడగానే స్టీరింగ్ గడగడా ఊగడం మొదలైందట. బండి పక్కకి తీసి ఆపితే గానీ ఆగలేదు. ఆ రోజు నుంచి ఆవిడ ఆ బండి ఎక్కడం మానేశారు. "బండి అమ్మేయమంటారా అన్నా?" అని అడిగాడు. కొని ఏడాది కూడా కాలేదు. అమ్మక్కర్లేదు, కూర్చో, టీ తాగు, చూద్దాం అన్నాను.

అపోహ: ఎంత ఎక్కువ లేపితే అంత మంచిది. టైరు సంగతి తర్వాత.

నేను ఈ పోస్టు రాస్తున్నదే దీని కోసం. మిగతావి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ ఆక్సిల్, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు. పొడవు స్ప్రింగులు వేస్తే ఛాసిస్, దాని మీద బాడీ లేస్తాయి. ఆక్సిల్ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. కింద రాయికి తగిలేది ఎక్కువగా ఆ ఆక్సిల్ మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ హౌసింగే (చక్రాలకి శక్తిని పంచే గేర్ల గుండు). దాన్ని నేల నుంచి లేపేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగమే. లెక్క చూడండి. కంపెనీ టైరు 195/80 ఆర్15 వ్యాసం 693 మి.మీ. ఈ కుర్రాడు వేసిన 235/75 వ్యాసం 733 మి.మీ. తేడా 40. అంటే ఆక్సిల్ కింద పెరిగింది 20 మి.మీ. కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేల నుంచి ఎత్తు, 210 మి.మీ. కాస్తా 230 అయింది. మరి మూడంగుళాల కిట్ వల్ల, అంటే 76 మి.మీ. లేపినందుకు, డిఫరెన్షియల్ కింద ఎంత పెరిగింది? సున్నా.

లిఫ్ట్ దండగ అని నేననను. బండి పొట్ట గట్టుకి తగలకుండా పోవడానికి, ముందు బంపర్ ఏటవాలు ఎక్కేటప్పుడు గుచ్చుకోకుండా ఉండడానికి అది పనికొస్తుంది. కానీ దాన్ని గ్రౌండ్ క్లియరెన్స్ అని అమ్మితే నాకు కోపం వస్తుంది. కొత్త థార్‌కి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికది విడిగా కదిలేది) కాబట్టి ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌తో పాటే లేస్తుంది. వెనక రిజిడ్ ఆక్సిల్, అది లేవదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. "లిఫ్ట్ వేస్తే పెద్ద టైరు ఫెండర్‌కి తగలదు కదా" అంటారు. షెడ్డులో నిలబెట్టిన బండికి తగలదు, నిజమే. టైరు తగిలేది చక్రం పూర్తిగా పైకి నొక్కుకుపోయి, స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు. చక్రం ఎంతవరకు పైకి పోవచ్చో నిర్ణయించేది బంప్ స్టాప్ రబ్బరు. స్ప్రింగు మార్చి బంప్ స్టాప్ పాతదే ఉంచితే, చక్రం పైకెళ్లి ఆగే చోటు కూడా పాతదే. కంపెనీ ఎత్తులో తగిలే టైరు మూడంగుళాలు లేపినా అక్కడే తగులుతుంది. కుర్రాడి బండికి లోపలి ప్లాస్టిక్ లైనర్ రెండు పక్కలా చిరిగి వేలాడుతోంది. కిట్ వేసినవాళ్లు బంప్ స్టాప్ ముట్టుకోలేదు.

కాబట్టి మా దగ్గర పద్ధతి ఇది. వేయాలనుకున్న టైరు ఒకటి ముందు తెప్పిస్తాం. ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలబెట్టి, ముందు స్ప్రింగులు రెండూ తీసి పక్కన పెడతాం. టైరు బిగించి, జాకీతో ఆక్సిల్‌ని బంప్ స్టాప్ ఆనేదాకా లేపుతాం. టైరు అంచు గడ్డలకి సుద్దముక్క రాసి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతాం. ఎక్కడ సుద్ద అంటితే అక్కడ తగిలినట్టు. ఒక పక్క చక్రం పైకి, ఇంకో పక్క కిందికి పెట్టి మళ్లీ అదే పని చేస్తాం. పూట పడుతుంది. ఆ పూటలో తేలిపోతుంది: ఈ టైరుకి లిఫ్ట్ అవసరమా, బంప్ స్టాప్ కింద 20 మి.మీ. ముక్క వేస్తే చాలా, బంపర్ మూల కాస్త కోస్తే చాలా, లేక రిమ్ ఆఫ్‌సెట్ (రిమ్ ఎంత లోపలికి కూర్చుంటుందన్న కొలత) తప్పా అని. ఆఫ్‌సెట్ మరీ తగ్గించిన రిమ్ వేస్తే టైరు బయటికి వచ్చేసి, తిప్పినప్పుడు పెద్ద వలయంలో తిరుగుతుంది. లిఫ్ట్ ఎంత వేసినా ఆ రుద్దుడు పోదు.

కుర్రాడి స్టీరింగ్ ఎందుకు ఊగింది? క్యాస్టర్ పోయింది. సైకిల్ ముందు ఫోర్కు కాస్త వాలుగా ఉంటుంది కదా, చక్రం తనంతట తాను నిటారుగా రావడానికి ఆ వాలు తోడ్పడుతుంది. బండిలోనూ అలాంటి వాలే ఉంటుంది. జిమ్నీని లేపితే ఆక్సిల్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే ముందు ఆర్ములు కిందికి వంగి, ఆక్సిల్ తిరిగి, ఆ వాలు తగ్గిపోతుంది. దాన్ని సరిచేసే బుష్‌లు (ఆర్ముల చివర ఉండే రబ్బరు కీళ్లు) విడిగా వేయాలి. వేయలేదు. అలాగే ఆక్సిల్‌ని పక్కకి పోకుండా పట్టుకునే ప్యానార్డ్ రాడ్ మార్చకపోతే లేపినకొద్దీ ఆక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది. బండి ముందు గొంతుక్కూర్చుని చూపించాను. ఒక టైరు ఫెండర్ బయటికి వేలు మందాన వచ్చింది, రెండోది అంత లోపలికి పోయింది. వాడు ఫోన్‌లో ఫొటో తీసుకుని చాలాసేపు మాట్లాడలేదు. బరువైన టైరు, తగ్గిన క్యాస్టర్, పక్కకి జరిగిన ఆక్సిల్ మూడూ కలిశాక చిన్న గుంత చాలు. చక్రం కిందికి పూర్తిగా జారవిడిస్తే బ్రేకు పైపు వీణ తీగలా బిగుసుకుంది. అది చూసినప్పుడు మాత్రం నాకే ఒళ్లు జలదరించింది.

వాడికి కావలసింది ఏడాదికి రెండుసార్లు మారేడుమిల్లి, అప్పుడప్పుడు కృష్ణ ఇసుక, మిగతాదంతా హైవే. దానికి 215/75 ఆర్15 ఆల్-టెర్రైన్ (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే) టైరు సరిపోతుంది. వ్యాసం 703 మి.మీ., కంపెనీ ఎత్తులోనే మా దగ్గర సుద్ద అంటకుండా తిరిగింది. కిట్ విప్పేశాం. ఇసుకలో గాలి 18 పీఎస్ఐకి దించి నడిపితే, మూడంగుళాలు ఇవ్వలేని పట్టు ఆ టైరే ఇస్తుంది. బయటికొచ్చాక మళ్లీ గాలి నింపుకోవడం మరిచిపోవద్దు.

అపోహ: గట్టి స్ప్రింగు అంటే మంచి స్ప్రింగు.

మా నాన్నగారు ఇదే ఆటోనగర్‌లో లారీ కమాన్లు (పట్టీల స్ప్రింగులు) కట్టేవారు. ఖాళీగా తిరిగే బండికి ఒక పట్టీ ఎక్కువ వేయమని ఎవరైనా అడిగితే వేసేవారు కాదు. "లోడు లేని బండికి పట్టీ వేస్తే చక్రం నేల మీద నిలవదయ్యా" అనేవారు. లిఫ్ట్ స్ప్రింగులూ అంతే. చాలా కిట్లలో స్ప్రింగులు బరువును బట్టి రకరకాలుగా వస్తాయి. ఇనప బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని లాగే మోటారు) పెట్టినవాళ్లకి ఒకటి, ఏమీ పెట్టనివాళ్లకి ఇంకోటి. మీ బండి మీద అదనంగా ఎన్ని కిలోలు ఉన్నాయో చెప్పకుండా స్ప్రింగు కొనకండి. షాకబ్జార్లు కూడా ఆ పొడవుకి తగ్గవే పడాలి.

అపోహ: స్పేసర్లు, టార్షన్ బార్ బిగింపు చవకైన లిఫ్ట్.

థార్ ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జారు కలిసిన ముక్క) పైన పెట్టే స్పేసర్, అంటే మందపాటి బిళ్ల, దాని మందం కంటే చక్రం దగ్గర ఎక్కువ లేపుతుంది, ఎందుకంటే స్ట్రట్ ఆర్ము మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది. కొద్దిగా వేస్తే ఇబ్బంది ఉండదు. మరీ మందంది వేస్తే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు ఎప్పుడూ వంకరలోనే తిరుగుతాయి, వాటి మీది రబ్బరు బూట్లు చిరుగుతాయి, గ్రీజు బయటికొస్తుంది. పాత థార్ సీఆర్డీఈకి టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) బోల్టు బిగించి లేపడం కూడా ఇదే కథ. చక్రం కిందికి దిగే ప్రయాణం మీరే తినేస్తున్నారు. గోతిలో ఆ చక్రం గాల్లో వేలాడుతుంది.

అపోహ: వెనక రెండు టైర్లు పెద్దవి వేస్తే చాలు.

వద్దు. ఈ బండ్లన్నీ 4హెచ్ (నాలుగు చక్రాలకీ శక్తి ఇచ్చే గేరు) వేయగానే ముందు, వెనక షాఫ్టులను ఒకే వేగానికి కట్టేస్తాయి. టైరు వ్యాసం తేడా ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ఆ రెండు షాఫ్టులకీ శక్తిని పంచే గేరు పెట్టె) దానితో అదే పనిగా కొట్లాడుతుంది. స్టెప్నీతో సహా అయిదూ ఒకటే సైజు. స్టెప్నీ బరువు పెరిగితే వెనక డోరు కీళ్లు కూడా చూపించుకోండి.

అపోహ: టైరు మార్చాక మైలేజీ ఘోరంగా పడిపోయింది.

కొంత పడుతుంది. కానీ అందులో కొంత మీటరు చెప్పే తప్పు. 195/80 నుంచి 235/75కి మారితే మీటరు 1000 చూపించినప్పుడు బండి నిజంగా 1058 కిలోమీటర్లు తిరిగింది. ఆ లెక్క కలుపుకుని చూడండి. వేగం కూడా అంతే. కంపెనీ మీటరు మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తుంది, ఆ కాస్త భరోసా ఇక ఉండదు. స్పీడ్ కెమెరా దగ్గర జాగ్రత్త.

అపోహ: ఆర్సీలో రాయించుకుంటే అన్నీ లీగలే.

ఈ పుకారు వాట్సాప్ గ్రూపుల్లో చావడం లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ సర్వేయర్ కిందికి వంగి చూస్తే ఏం జరుగుతుందో కూడా ఆలోచించుకోండి. ఈ సంగతి పని ఒప్పుకునే ముందే నేను అందరికీ చెబుతాను. విని వెనక్కి వెళ్లిపోయినవాళ్లున్నారు, ఆ పని పోయినందుకు నాకు బాధ లేదు. మీ బండి కంపెనీ తన మోడల్‌లోనే వేరే వేరియంట్‌కి ఇచ్చిన టైరు సైజు ఉందేమో ముందు చూడండి. థార్‌కి 245/75 ఆర్16, 255/65 ఆర్18 రెండూ కంపెనీవే.

ఒకవేళ సస్పెన్షన్ పని ఎక్కడ చేయించుకున్నా, బుష్ బోల్టుల చివరి బిగింపు దగ్గర మీరు నిలబడండి. బండి జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే లోపలి రబ్బరు మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది. చక్రాలు నేల మీద ఉండి, బండి బరువు పూర్తిగా ఆనాక, ఒకసారి ముందుకీ వెనక్కీ కదిలించి, అప్పుడు టార్క్ రెంచితో బిగించాలి. తర్వాత అలైన్‌మెంట్. 500 కిలోమీటర్లు తిరిగాక అవే బోల్టులు మళ్లీ ఒకసారి. ఖమ్మం కుర్రాడు పోయిన ఆదివారం ఆ రెండో బిగింపుకి వచ్చాడు, వాళ్లమ్మగారు ముందు సీట్లో కూర్చుని ఉన్నారు.