రోడ్డు మీద నిలబడి ఇంటికి కట్టే ధర

2020 జూలైలో అమెరికాలో 30 ఏళ్ల ఇంటి లోన్ సగటు వడ్డీ మొదటిసారి 3 శాతం లోపుకు దిగింది. డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా తెలుగువాళ్ల ఫోన్లలో రీఫైనాన్స్ మాటే, అంటే పాత లోన్ తీర్చి తక్కువ వడ్డీకి కొత్తది తీసుకోవడం. అదే సమయంలో కరోనా భయంతో పరాయి మనిషిని ఎవరూ గడప దాటనివ్వడం లేదు. అందుకే బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ సంస్థల లోన్లలో కొన్నింటికి, ఇంటి ధర అంచనా వేసే అప్రైజర్ లోపలికి వెళ్లకుండా బయటి నుంచే చూసి విలువ కట్టొచ్చని మార్చిలోనే సడలింపు వచ్చింది. వీధిలో కారు ఆగింది, ఎవరో ఇంటికి ఫొటోలు తీసుకున్నారు, వెళ్లిపోయారు. వేల డాలర్లు పోసి కొత్తగా చేయించుకున్న కిచెన్‌ను చూడకుండా ధర ఎలా కట్టారని ఇంట్లోవాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే చాలా పాతది.

అమెరికాలో అప్రైజర్లకు లైసెన్సు వచ్చిందే ఒక పెద్ద దెబ్బ తర్వాత. 1980లలో ఇళ్లకు అప్పులిచ్చే సేవింగ్స్ అండ్ లోన్ సంస్థలు వందల సంఖ్యలో మునిగాయి. లేని విలువను ఉన్నట్టు రాసిచ్చిన రిపోర్టులకూ అందులో వాటా ఉంది. 1987లో ఈ పనికి ప్రమాణాలు రాసే అప్రైజల్ ఫౌండేషన్ ఏర్పడింది. 1989లో ఫిర్రియా చట్టం వచ్చి, రాష్ట్రాల లైసెన్సునీ అప్రైజర్లు పాటించాల్సిన యుఎస్‌పాప్ అనే ప్రమాణాలనీ తెచ్చింది.

ఆ తర్వాత తొందర మొదలైంది. 1995లో ఫ్యానీ, ఫ్రెడ్డీ లోన్ అర్హతను కంప్యూటర్‌తో తేల్చే పద్ధతి తెచ్చాయి. క్రెడిట్ బాగున్నవాళ్లకు ఇంత తనిఖీ ఎందుకు, ఖర్చూ సమయమూ దండగే కదా అన్న వాదన బలపడింది. రోడ్డు మీద నుంచి చూసి రాసే ‘డ్రైవ్-బై’ అప్రైజల్ అలా మామూలైపోయింది. దానికి వాడే 2055 ఫారం 2005 మార్చిలో కొత్త రూపంలో వచ్చింది.

చిక్కంతా ఆ ఫారంలోనే ఉంది. ఇంటిని కనీసం వీధి నుంచి చూస్తే చాలని అది అంటుంది. గదులెన్ని, విస్తీర్ణమెంత, ఇంటి పరిస్థితి ఏమిటి అనే సమాచారం నమ్మదగిన చోటు నుంచి తగినంత దొరకాలని కూడా అంటుంది. దొరకకపోతే నిజాయితీగల అప్రైజర్ ఆ పని వద్దనాలి. వద్దంటే ఆ ఫీజు పోతుంది, పని ఇచ్చిన కంపెనీ మళ్లీ పిలుస్తుందో లేదో తెలియదు. ఒప్పుకుంటే స్థానిక కౌంటీ ప్రభుత్వ రికార్డునీ పాత అమ్మకం ప్రకటననీ నమ్మాలి. పర్మిట్ లేకుండా పూర్తి చేసుకున్న బేస్‌మెంట్ ఆ రికార్డులో కనబడదు. గోడ వెనక పాకుతున్న చెమ్మా కనబడదు. అప్పుడు లోపల కూడా బయటలాగే బాగుందని ‘ఎక్స్‌ట్రార్డినరీ అసంప్షన్’ అనే ఊహ పెట్టి సంతకం చేస్తారు. అది తప్పని తేలితే విలువ మారిపోవచ్చని యుఎస్‌పాప్ నిర్వచనమే ఒప్పుకుంటుంది. నన్ను బాధపెట్టేది ఇక్కడే. ధర బ్యాంకు కంప్యూటర్లోకి ఎక్కి ముందుకు పోతుంది, దాన్ని మోస్తున్న ఊహ మాత్రం రిపోర్టు పేజీల్లోనే ఉండిపోతుంది.

2008 ఇంటి లోన్ల సంక్షోభం తర్వాత ఇది నేరుగా కంటికి కనబడింది. జప్తుకు వచ్చిన ఇళ్లకు విలువ కట్టాలంటే లోపల ఉన్నవాళ్లు తలుపు తీయరు. వాళ్ల బాధ వాళ్లది. ఖాళీ ఇళ్లలో అయితే దొంగలు రాగి పైపులు ఊడబీక్కుపోయిన సందర్భాలు ఎన్నో. ముందు పచ్చిక పచ్చగానే ఉంటుంది, లోపల ఇల్లు గుల్ల. చట్టం చేసినవాళ్లకూ ఈ తేడా తెలుసు. 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం ఎక్కువ వడ్డీ పడే లోన్లలో చాలావాటికి అప్రైజర్ ఇంటి లోపలికి వెళ్లి చూసి తీరాలంది.

బయటి తనిఖీని సమర్థించేవాళ్ల దగ్గర ఒక బలమైన మాట ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. నల్లజాతి కుటుంబాలు గోడల మీది తమ ఫొటోలు తీసేసి, తెల్లజాతి స్నేహితులను ఇంట్లో ఉంచి మళ్లీ అప్రైజల్ చేయిస్తే విలువ బాగా పెరిగిన ఉదంతాలు పత్రికల్లో వచ్చాయి. 2021లో ప్రభుత్వం అప్రైజల్ వివక్ష మీద పేవ్ అనే టాస్క్‌ఫోర్స్ వేసేదాకా వెళ్లింది ఆ గొడవ. లోపలికి వెళ్లకపోతే మనుషుల్ని చూసి ధర కట్టే అవకాశం తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది, కొంతవరకే. పోల్చి చూసే అమ్మకాలు ఆ చుట్టుపక్కలవే. 1930లలో మ్యాపుల మీద ఎర్రరంగు పూసి లోన్లు తొక్కిపెట్టిన పేటల్లో ఆ ధరలు ఇప్పటికీ అణిగే ఉన్నాయి. పైగా లోపల చక్కగా చూసుకున్న ఇల్లు ‘మా ఇల్లు ఆ సగటు కాదు’ అని చెప్పుకోడానికి తలుపు తెరిచే దారి కూడా పోతుంది.

కరోనా సడలింపు 2021 మే 31తో ముగిసింది. 2022 మార్చి నుంచి ఫ్యానీ మే కొన్ని కొనుగోలు లోన్లకు డెస్క్‌టాప్ అప్రైజల్‌ను శాశ్వతం చేసింది. అందులో అప్రైజర్ వీధికి కూడా రానక్కర్లేదు.

ఇంటి మీద మొదటి తాకట్టు లోన్ అయితే లోన్ ఇచ్చేవాళ్లు అప్రైజల్ కాపీని అడగకపోయినా ఇవ్వాలని 2014 నుంచి నియమం. మామూలుగా క్లోజింగ్‌కు, అంటే లోన్ కాగితాల మీద సంతకాలయ్యే రోజుకు, కనీసం 3 పనిదినాల ముందే అది చేతికి రావాలి. రాగానే ధర కంటే ముందు ఏ ఫారం వాడారో, లోపలి వివరాలు ఎక్కడివని రాశారో చూడండి. మీ ఇంట్లో మూడు బాత్రూమ్‌లుంటే రిపోర్టులో రెండే ఉండొచ్చు. అలా ఉంటే పర్మిట్ కాగితాలు, ఫొటోలు జతచేసి విలువను మళ్లీ పరిశీలించమని లోన్ ఇచ్చేవాళ్లకు రాయండి.